పన్నెండు మీటర్ల గాలి

ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, తర్వాత సైకిలు, చివర పరుగు. మధ్యలో గడియారం ఆగదు. తడి బట్టలు విప్పి బూట్లు వేసుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. మనలాంటి మామూలువాళ్ళు పాల్గొనే చాలా రేసుల్లో సైకిలు భాగానికి ఒక నియమం ఉంటుంది: ముందు వెళ్ళే సైకిలుకి దూరంగా ఉండాలి. ఐరన్‌మ్యాన్ రేసుల్లో ఆ దూరం 12 మీటర్లు. ఆరేడు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఎంతో అంత. దాటాలనుకుంటే ఆ దూరం లోపలికి వెళ్ళొచ్చు, కానీ 25 సెకన్లలో దాటేయాలి. దాటకుండా వెనకే ఉండిపోతే దాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. రిఫరీ చూస్తే 5 నిమిషాలు శిక్షగా నిలబడాలి.

చూడకపోతే?

ఇదో పెద్ద నైతిక సమస్యా అనిపించొచ్చు. లంచం, కులం, యుద్ధం ఉన్న లోకంలో సైకిళ్ళ మధ్య దూరం ఎవడికి కావాలి? నాకు మాత్రం ఇది చిన్నది కావడం వల్లే పనికొచ్చే ప్రశ్న అనిపిస్తుంది. ఇక్కడ డబ్బు లేదు, పదవి లేదు. వయసు విభాగంలో 48వ స్థానంలో వచ్చినా 61వ స్థానంలో వచ్చినా అదే మెడల్, అదే టీషర్టు. మోసం చేస్తే వచ్చే లాభం దాదాపు సున్నా. పెద్ద తప్పుల్లో లాభనష్టాల బరువు కింద అసలు తప్పేమిటో కనబడదు. ఇక్కడ ఆ బరువంతా తీసేశాక ఇంకా ఏదైనా తప్పు మిగిలిందా అని చూడొచ్చు.

ముందు ఆ 12 మీటర్లలో ఏముందో చూద్దాం. సమతలంగా ఉన్న రోడ్డు మీద గంటకి 35 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి శక్తిలో సింహభాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన పవర్ ఘనంగా పెరుగుతుంది. గాలి ఒక్కదాన్నే లెక్కేస్తే, వేగం 10 శాతం పెరగాలంటే పవర్ 33 శాతం పెరగాలి. అదే ఇంకొకరి వెనక చక్రానికి అతుక్కుని వాళ్ళ గాలిచాటున వెళితే, పావు వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ శ్రమతో అదే వేగం వచ్చేస్తుంది.

దీని పక్కన ఒక సీజన్ పెట్టి చూడండి. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 లాంటి రేసునే తీసుకుందాం: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. హైదరాబాదు నుంచి దానికి తయారయ్యే ఉద్యోగస్తుడు 24 వారాల ప్లాన్ పెట్టుకుని, వారానికి పది గంటలు కేటాయించాడనుకోండి. మొత్తం 240 గంటలు. ఆఫీసు లెక్కలో ఆరు పనివారాలు. తెల్లవారకముందే లేచి అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద అటూ ఇటూ తిరగాలి. మొదట నెమ్మదిగా, ఎక్కువసేపు తొక్కే బేస్ నెలలు. తర్వాత ఊపిరి ఆడనివ్వని ఇంటర్వెల్స్. ఆదివారం బ్రిక్: సైకిలు దిగీ దిగగానే పరుగు. మొదటి రెండు కిలోమీటర్లు కాళ్ళు మనవి కానట్టే ఉంటాయి. మధ్యమధ్యలో 20 నిమిషాల పరీక్ష. అందులో వచ్చిన సగటు వాట్లలో 95 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటారు, గంటసేపు నిలబెట్టుకోగల పవర్‌కి అదొక అంచనా. కొన్నేళ్ళుగా తొక్కుతున్న మనిషి ఒక సీజన్‌లో దాన్ని పది శాతం పెంచుకోగలిగితే పండగ చేసుకోవచ్చు.

అంటే 240 గంటల కష్టం ఇచ్చినదానికి రెండింతలు, ముందువాడి వెనక చక్రం రెండు క్షణాల్లో ఇచ్చేస్తుంది. అందుకే ఇది మామూలు ప్రలోభం కాదు.

నా మిత్రుడొకడు, వాడూ నాలాగే సాఫ్ట్‌వేర్ వాడే, ఒక రేసులో చివరి 40 కిలోమీటర్లు గుంపులో తొక్కాడు. మొత్తం 5 గంటల 52 నిమిషాల్లో పూర్తిచేశాడు. ఆరు గంటల లోపు రావాలన్నది వాడి రెండేళ్ళ కోరిక. గుంపు సంగతి వాడే చెప్పాడు. నేను మొహం అదోలా పెట్టేసరికి, "ఏంట్రా? నేనెవడి పొట్ట కొట్టాను?" అన్నాడు. తర్వాత వాడి వాదన వరసగా చెప్పాడు. అది తీసిపారేసే వాదన కాదు.

"ఒకటి, ఆ రూలుకి తలా తోకా లేదు. ఈతలో ముందువాడి కాళ్ళ వెనకే ఈదొచ్చు, అదీ డ్రాఫ్టింగే కదా, ఎవడూ ఏమనడు. ఒలింపిక్స్‌లో సైకిళ్ళు గుంపుగానే పోతాయి. రెండు, నావల్ల ఎవడికీ నష్టం లేదు. మూడు, ఆ ఇరుకు రోడ్డు మీద దూరం పాటించడం ఎవడి తరమూ కాదు. నాలుగు, ఆరు నెలలు చచ్చీచెడీ ట్రైనింగ్ చేసింది నేను. ఆ పేస్ నాకు ఉంది కాబట్టే గుంపుతో ఉండగలిగాను."

మొదటిదానితో మొదలెడదాం. వాడు చెప్పినవన్నీ నిజాలే. 2000 సిడ్నీలో ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన దగ్గర్నుంచీ అక్కడ డ్రాఫ్టింగ్‌కి అనుమతి ఉంది. కాబట్టి 12 మీటర్ల నియమం ప్రకృతి ధర్మమేమీ కాదు. కానీ ఏ ఆట నియమం ప్రకృతి ధర్మం? తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద గెంతుతాం. రెండో కాలు లేక కాదు. ఆ కాలు కింద పెట్టకూడదని మనమే అనుకున్నాం కాబట్టి అది తొక్కుడుబిళ్ళ అయింది. రెండు కాళ్ళతో నడిచి బిళ్ళ తీసుకొస్తే ఆటలో గెలిచినట్టు కాదు, అరుగు ముందు నడిచినట్టు.

1978లో బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 'ది గ్రాస్‌హాపర్' అనే పుస్తకంలో ఈ సంగతే చెప్పాడు. ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఏదీ దొరకదని విట్‌గెన్‌స్టైన్ ప్రభావంతో చాలామంది నమ్ముతున్న రోజులవి. దొరుకుతుందన్నాడు సూట్స్. అవసరం లేని అడ్డంకుల్ని మనంతట మనం పెట్టుకుని, వాటిని దాటడానికి ప్రయత్నించడమే ఆట అని ఆయన నిర్వచనం సారాంశం. మోసం చేసేవాడి గురించీ ఆయన ఒక మంచి మాట అన్నాడు. వాడికి లక్ష్యం మీద ఆసక్తి తక్కువై కాదు, మరీ ఎక్కువై మోసం చేస్తాడట. లక్ష్యం మీద మోజుతో, దాన్ని లక్ష్యంగా చేసిన అడ్డంకిని పక్కకి నెట్టేస్తాడు.

అదే 1978లో, ఫిబ్రవరి 18న, హవాయీలోని ఓహూ దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. అందరికన్నా దృఢమైనవాళ్ళు ఎవరు, ఈతగాళ్ళా, సైకిలు తొక్కేవాళ్ళా, పరుగెత్తేవాళ్ళా అన్న వాదన తేల్చడానికి నేవీ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ అక్కడ విడివిడిగా జరిగే మూడు పోటీల దూరాల్ని ఒక్క రోజులోకి కలిపారు. 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తిచేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. ఆ దీవి చుట్టూ హాయిగా కారులో తిరిగి రావచ్చు. ఎవరికీ అవసరం లేని కష్టం అది. దానికి ఏదైనా విలువ ఉందంటే, ఆ కష్టాన్ని ఏ షరతుల మీద పడదామని అనుకున్నారో ఆ షరతుల మీదే పడ్డారు కాబట్టి ఉంది.

ఇక రెండో వాదన: ఎవరికీ నష్టం లేదు. ఇది పూర్తిగా నిజం కాదు. నియమం ప్రకారం, నన్ను ఎవరైనా దాటితే మళ్ళీ 12 మీటర్ల దూరం వచ్చేదాకా నేనే వెనక్కి తగ్గాలి. ఒక్కడు దాటితే ఒకసారి తగ్గుతాను. పదిమంది గుంపు ఒకరి తర్వాత ఒకరు దాటితే? నిజాయితీగా తొక్కేవాడు పదిసార్లు కాళ్ళు ఆపి, పదిసార్లు మళ్ళీ వేగం అందుకోవాలి. గుంపు గాలి నుంచి ఉచితంగా తీసుకున్నామనుకున్నదానికి బిల్లు ఆ పక్కన ఒంటరిగా తొక్కుతున్న మనిషికి వెళ్తుంది. ఇంకొకటి, ఏరోబార్ల మీద వాలి తొక్కేటప్పుడు చేతులు బ్రేకుల మీద ఉండవు. గుంపులో ఒకడు తడబడితే పడేది ఒక్కడే కాదు.

మూడోది, ఇరుకు రోడ్డు. ఇందులో కొంత న్యాయం ఉంది. వెయ్యిమంది మనిషికి 12 మీటర్ల చొప్పున బారు తీరితే 12 కిలోమీటర్లు. లెక్క ప్రకారం 30 కిలోమీటర్ల లూప్‌లో అందరూ పడతారు. కానీ మనుషులు లెక్క ప్రకారం రారు. నీళ్ళలోంచి గుంపులు గుంపులుగా బయటికొస్తారు, ఎత్తు వస్తే దగ్గరవుతారు, మలుపులో కుక్కుకుంటారు. అలాంటి చోట కాసేపు ఒకరి వెనక చిక్కుకుపోవడం తప్పు కాదు. కానీ ఇరుక్కుపోవడం వేరు, ఇమిడిపోవడం వేరు. ఇరుక్కున్నవాడు బయటపడే సందు కోసం చూస్తుంటాడు. ఇమిడిపోయినవాడు ఆ సందు వచ్చినప్పుడు తల దించుకుని వాచీ చూసుకుంటాడు. బయటి నుంచి చూసే రిఫరీకి ఆ తేడా తెలియకపోవచ్చు, తొక్కేవాడికి మాత్రం తెలుస్తుంది. 40 కిలోమీటర్లు, అంటే గంటకి పైగా, ఎవరూ ఇరుక్కోరు.

ఇప్పటిదాకా చెప్పినవి సులువైన జవాబులు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. గుంపు లేదనుకోండి. ఖాళీ రోడ్డు. ముందు ఒక్క మనిషి, వెనక ఎవరూ లేరు, రిఫరీ బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. ముందువాడి గాలిచాటున పది కిలోమీటర్లు తొక్కితే ఎవరూ వెనక్కి తగ్గక్కర్లేదు, ఎవరూ పడరు. ముందువాడికి ఒక్క వాటు కూడా అదనంగా ఖర్చు కాదు. అప్పుడు తప్పు ఏమిటి?

నా జవాబు ఇది. అక్కడ జరిగింది దొంగతనం కాదు, అబద్ధం.

5:52 అన్నది చూడ్డానికి అంకెలా ఉంటుంది కానీ, అది ఒక వాక్యం. 'ఈ మనిషి ఇంత దూరం ఈది, 90 కిలోమీటర్ల గాలిని తనే చీల్చుకుని, ఆ మీదట ఇంత దూరం పరుగెత్తడానికి ఇంతసేపు పట్టింది' అని దాని అర్థం. ఆ అర్థాన్ని అంకెకి ఇచ్చింది నియమాలే. చెట్టుని చెట్టనే ఎందుకు అనాలి అంటే కారణమేమీ లేదు. అయినా అందరం అలా అనుకున్నాక, రాయిని చూపించి చెట్టు అంటే అది అబద్ధమే. నియమం యాదృచ్ఛికం అయినంత మాత్రాన వాక్యం అబద్ధం కాకుండా పోదు. ఒలింపిక్స్‌లో గుంపుగా తొక్కినవాళ్ళ సమయం అబద్ధం కాదు, ఎందుకంటే ఆ వాక్యంలో గుంపు ముందే ఉంది. నీళ్ళలో ముందువాడి కాళ్ళ వెనక ఈదినందుకు ఎవరూ సిగ్గుపడరు, ఎందుకంటే అదీ అందరికీ తెలిసిన సంగతే.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎవరికీ పారితోషికం ఇవ్వని పత్రికలో ఇంకొకరి పద్యం తన పేరుతో వేసుకున్నవాడు ఎవరి పొట్టా కొట్టి ఉండకపోవచ్చు. చాట్‌జీపీటీ చేత రాయించి కింద పేరు పెట్టుకున్నవాడి మీద కేసు వెయ్యడానికి అసలు కవి కూడా ఉండడు. అయినా మనకి మింగుడు పడదు. నష్టపోయినవాళ్ళెవరని అడిగితే చెప్పలేం. మనకి చెప్పిన వాక్యం నిజం కాదని మాత్రం తెలుస్తుంది.

ఇక వాడి నాలుగో వాదన: ఆరు నెలల కష్టం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ఎందుకంటే ఇది వాడొక్కడి మాట కాదు. లింక్డ్‌ఇన్ తెరిస్తే చాలు, రేసు మెడల్ పక్కన క్రమశిక్షణ, నిబద్ధత, వ్యక్తిత్వం అనే పాఠాలు వరసగా కనిపిస్తాయి. పొద్దున్నే నాలుగింటికి లేచేవాడు మంచివాడు కూడా అయి ఉంటాడని మనం తెలియకుండానే అనుకుంటాం. నాకు అలా అనిపించదు.

శరీరంతో చేసే పనిలో మోసానికి తావు లేదు. ప్లాన్‌లో లేని ఈత ఈదానని లాగ్‌లో రాసుకుంటే ఊపిరితిత్తులు నమ్మవు. విశ్రాంతి రోజు ఎగ్గొట్టి రెండింతలు పరుగెత్తితే మోకాలు చక్రవడ్డీతో వసూలు చేస్తుంది. నిజానికి శరీరం బలపడేది కష్టపడేటప్పుడు కాదు, కష్టం తర్వాత ఇచ్చిన విశ్రాంతిలో. ఆ సమయాన్ని తొందరపెట్టడం కుదరదు. కాబట్టి ఆరు నెలలు నిజాయితీగా ట్రైనింగ్ చేశాను అనడం, ఆరు నెలలు గురుత్వాకర్షణని గౌరవించాను అనడం లాంటిదే. వేరే దారి లేనిచోట నిజాయితీ గుణం కాదు, అది పరిస్థితి. ఓర్పు వచ్చి ఉండొచ్చు, పట్టుదల వచ్చి ఉండొచ్చు. అవి మంచివే, కానీ దొంగకీ ఉంటాయి. సీజన్ మొత్తంలో నీతి అనే ప్రశ్న వచ్చేది శరీరం ఎదుట కాదు, మనుషుల ఎదుట. అంటే ఎక్కువగా రేసు రోజునే, ముందు చక్రం దగ్గరకొచ్చినప్పుడు. శరీరాన్ని మోసం చెయ్యలేం, గడియారాన్ని చెయ్యగలం.

పోనీ ఆ వాక్యం వినేది ఎవరు? ఫలితాల పట్టికలో 61వ పేరు ఎవరూ చూడరు. వినేది ఇంట్లోవాళ్ళు. ఆ 240 గంటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆదివారం ఐదు గంటలు ఒకరు రోడ్డు మీద ఉన్నారంటే, ఇంకొకరు ఆ ఐదు గంటలూ పిల్లల్ని లేపి, పాలు కాచి, అమ్మానాన్నల మందులు చూసుకుని ఉంటారు. ట్రయథ్లాన్‌ని ఒంటరి పోరాటం అనేవాళ్ళు ఈ లెక్క మర్చిపోతారు. సీజన్ చివర్లో ఆ ఇంటికి తిరిగి తీసుకెళ్ళేది ఒక మెడల్, ఒక అంకె. "ఎంతసేపట్లో అయింది?" అని వాళ్ళు అడుగుతారు. గాలి నిరోధం గురించి వాళ్ళకి తెలియదు, తెలియక్కర్లేదు. చెప్పింది నమ్ముతారు. అబద్ధం ఎంత చిన్నదైనా, మన కోసం తమ పొద్దుటి పూటల్ని వదులుకున్నవాళ్ళకి చెప్పినప్పుడు అది అంత చిన్నగా ఉండదు.

కనకదాసు అరటిపండు కథ మనలో చాలామంది చిన్నప్పుడు విన్నాం. ఎవరూ చూడనిచోట తిని రమ్మని గురువుగారు తలా ఒక పండు ఇస్తే, అందరూ ఏదో ఒక మూల చూసుకుని తినేశారు. కనకదాసు ఒక్కడే పండు వెనక్కి తెచ్చాడు, దేవుడు చూడని చోటు దొరకలేదని. ఇప్పటి రేసులో ఆ దేవుడి పని సైకిలుకి బిగించిన పవర్ మీటర్ చేస్తోంది. నా మిత్రుడి ఫైలు వాడే చూపించాడు. మొదటి 50 కిలోమీటర్లు 180 వాట్ల దగ్గర, గంటకి 32 కిలోమీటర్లు. చివరి 40 కిలోమీటర్లు 150 వాట్ల దగ్గర, గంటకి 36. రోడ్డు అదే, కాళ్ళు అవే. శక్తి తగ్గింది, వేగం పెరిగింది. ఆ గీతలు చదవడం వచ్చిన ఎవరికైనా మిగతా కథ చెప్పక్కర్లేదు. అయితే అది దేవుడిలా శిక్షించదు, ఎవరికీ చెప్పదు. ఉన్నది ఉన్నట్టు పెట్టుకుని ఉంటుంది, అంతే. దాన్ని బయటికి చదవాల్సింది మనమే.

ఇది నియమాలకి దాసోహం అనే వాదన కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. 2020 సెప్టెంబరులో స్పెయిన్‌లోని శాంటాండర్ ట్రయథ్లాన్‌లో మూడో స్థానంలో పరుగెత్తుతున్న బ్రిటిష్ అథ్లెట్ జేమ్స్ టీగల్ ముగింపు గీత దగ్గరలో దారి తప్పి బారికేడ్ల వైపు వెళ్ళిపోయాడు. వెనక వస్తున్న డియేగో మెంట్రిడా అతన్ని దాటేశాడు. తర్వాత సంగతి గమనించి, గీత ముందు ఆగి, టీగల్‌ని ముందు వెళ్ళనిచ్చి తను నాలుగో స్థానం తీసుకున్నాడు. ఏ నియమమూ అతన్ని ఆగమనలేదు. ముందుకు వెళ్ళి ఉంటే అది తప్పు అనేవాళ్ళూ లేరు. కానీ 'మూడోవాడు మెంట్రిడా' అన్న వాక్యం, నియమం ఒప్పుకున్నా, జరిగిన పరుగుని సరిగ్గా చెప్పేది కాదు. అతను దాన్ని చెప్పదలుచుకోలేదు.

సాయం తీసుకోవడం తప్పని కూడా నా ఉద్దేశం కాదు. 1989లో డిక్ హోయిట్ అనే తండ్రి సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకు రిక్‌ని తీసుకుని హవాయీ ఐరన్‌మ్యాన్ పూర్తిచేశాడు. నీళ్ళలో చిన్న పడవలో కూర్చోబెట్టి లాగుతూ ఈదాడు, సైకిలు ముందు సీటు బిగించి తొక్కాడు, చక్రాల కుర్చీ తోస్తూ పరుగెత్తాడు. రిక్ ఒక్క అడుగు కూడా తనంతట తాను వెయ్యలేదు. అయినా ఆ ఫలితాన్ని అబద్ధం అనాలని ఎవరికీ తోచదు. 'వీళ్ళిద్దరూ కలిసి చేశారు' అని అది దాచుకోకుండా చెబుతుంది కాబట్టి. ఒకరి గాలిచాటున వెళ్ళడంలో అవమానం లేదు. ఆ చాటుని లెక్కలోంచి చెరిపేయడంలో ఉంది.

అలా చూస్తే నా మిత్రుడు తనకి తెలియకుండానే ఒక మంచి పని చేశాడనిపిస్తుంది. "5:52, చివరి 40 గుంపులో తొక్కాను" అని నాతో అన్నాడు. అందులో అబద్ధం లేదు. స్ట్రావాలో మాత్రం 5:52 ఒక్కటే ఉంది. ఇంట్లో గోడకి తగిలించిన మెడల్ కింద కూడా అంతే ఉంది. వాడు నాకు చెప్పిన వాక్యానికీ, గోడ మీద ఉన్న వాక్యానికీ తేడా కొన్ని మాటలే. ఆ మాటలు కలిపితే మెడల్ తీసేయక్కర్లేదు, ఎవరికీ క్షమాపణలు చెప్పక్కర్లేదు. ఆరు గంటల లోపు రావాలన్న కోరిక మాత్రం ఇంకో సీజన్ దాకా మిగిలే ఉంటుంది. ఇంకో 240 గంటలు అడగాలి, ఇంట్లోవాళ్ళని.

ఇదంతా వాడితో అన్నాను. కాసేపు ఊరుకుని, "అడిగితే ఇస్తార్రా, అదే కష్టం" అన్నాడు.